గోడ రంగు కన్నా ముందు ద్వారబంధం రంగు తేల్చుకోండి

మీరు రాసిన వివరాలను బట్టి మీ ఇంటి పరిస్థితి నాకు ఇలా అర్థమైంది. విజయవాడలో మూడో అంతస్తులో మూడు పడక గదుల కొత్త ఫ్లాటు. హాలుకు పడమటి వైపు బాల్కనీ. నేలంతా ఐవరీ రంగు విట్రిఫైడ్ టైల్సు. ప్రధాన ద్వారం టేకుది, లోపలి గదులకు మద్ది చెక్క ద్వారబంధాలు, ఫ్లష్ డోర్లు (చదునైన నున్నటి తలుపులు), కిటికీలు తెల్లటి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్). పెయింటింగ్ మేస్త్రీ గోడలన్నింటికీ మీగడ రంగు, లోపలి ద్వారబంధాలకు కాఫీ బ్రౌన్ ఎనామెల్ (చెక్కకు వేసే గట్టి పెయింటు) వేద్దామంటున్నారు. మీ శ్రీమతి గారు బూడిద రంగు గోడలు, తెల్లటి ద్వారబంధాలు కావాలంటున్నారు. మీతోనే ఉండే అమ్మగారికి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. షేడ్ కార్డులో విడివిడిగా నచ్చిన రంగులు పక్కపక్కన పెడితే పొసగడం లేదని, గోడకూ దాని అంచులకూ రంగులు ఎలా జత చేయాలో చెప్పమని అడిగారు.

ఇరవై ఆరేళ్లుగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇళ్లకు రంగులు వేయిస్తున్నాను. మీ ఇంట్లో ఎవరి అభిరుచీ తప్పు కాదు. ఎంచుకుంటున్న వరుస తప్పు. మనలో చాలామంది ముందు గోడ రంగు ఎంచుకుని, ద్వారబంధాల సంగతి చివరి రోజున మేస్త్రీకి వదిలేస్తారు. దీనికి సరిగ్గా ఎదురు వరుసలో వెళ్లాలి. ఇంట్లో మార్చలేనివి మొదట, అంటే నేల, టేకు, కిటికీ చట్రాలు. ఆ తరువాత ద్వారబంధాలు. వాటిని బట్టి గోడ. అన్నింటి తరువాత సీలింగు. గోడ రంగు అయిదారేళ్లకు ఒకసారి మారుతుంది. టైల్సు, టేకు తలుపు మాత్రం మీ పిల్లల పెళ్లిళ్ల దాకా ఉంటాయి.

కాబట్టి నేలతోనే మొదలుపెడదాం. ఐవరీ టైలును మనం అలవాటుగా తెలుపు అనేస్తాం. పగటి వెలుతురులో ఒక తెల్ల కాగితం దాని మీద పెట్టి చూడండి. టైలులో ఉన్న పసుపో, గులాబీ ఛాయో అప్పుడు బయటపడుతుంది. ఇలా ఒక రంగు లోపల దాగి ఉండే మరో రంగును షాపుల్లో అండర్‌టోన్ అంటారు. నేను లోఛాయ అంటాను. మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలిసిన విషయమే. సున్నం వేసేటప్పుడు బకెట్లో చిటికెడు నీలిమందు కలపడం ఎందుకు? సున్నంలోని పసుపు ఛాయను నీలం విరిచేసి గోడను మల్లెపూవులా చూపిస్తుందని. చిటికెడు ఎక్కువైతే గోడంతా నీలంగా తేలేది. నేటి షేడ్ కార్డులోని పాతిక రకాల తెలుపులకూ మూలం ఇదే: ఒకదానిలో చుక్క పసుపు, ఒకదానిలో చుక్క నలుపు, మరొకదానిలో చుక్క ఎరుపు.

లోఛాయను పట్టించుకోకపోతే ఏమవుతుందో నా చేతి పనే చెబుతాను. చాలా ఏళ్ల క్రితం గుంటూరులో ఒక ఇంటి వారు షాపులో ట్యూబులైటు కింద చూసి లేత బూడిద రంగు ఎంచుకున్నారు. షాపులో అది శుద్ధమైన బూడిద రంగే. హాలు పూర్తయిన సాయంత్రం ఆ ఇల్లాలు గుమ్మంలో నిలబడి, ‘ఇదేమిటండీ, లేత వంకాయ రంగు వేశారు?’ అన్నారు. డబ్బా మూత మీద రంగు కోడు చూపించాను. కోడు సరైనదే, ఆవిడ చెప్పిందీ నిజమే. వారి టైల్సు పసుపు ఛాయ ఉన్న ఐవరీవి, సోఫా గంధం రంగుది. చుట్టూ పసుపు ఉన్నప్పుడు మధ్యలో ఉన్న బూడిద రంగు పసుపుకు ఎదురు రంగైన ఊదా వైపు జరిగినట్టు కంటికి కనిపిస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని పర్యవేక్షించిన షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఇలాంటి తగాదాయే ఎదురైంది. నల్ల దారం నాణ్యంగా లేదని ఫిర్యాదులు వస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేల్చాడు. 1839లో ఆ సూత్రాన్ని వివరంగా ప్రచురించాడు. గుంటూరులో నాకు అంత శాస్త్రం తెలియదు. రెండు గోడలు నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

మీ శ్రీమతి గారు కోరిన బూడిద రంగు మీ ఐవరీ నేల మీద ఇదే పని చేసే ప్రమాదం ఉంది. అందుకని బూడిద రంగు మానుకోనక్కర్లేదు. నీలం వైపు మొగ్గే బూడిద కాకుండా ఆకుపచ్చ వైపు కొద్దిగా మొగ్గే బూడిద ఎంచుకోవాలి. పొట్టు పెసరపప్పు నానబెట్టి కడిగినప్పుడు వచ్చే నీళ్ల రంగు మీకు తెలుసు కదా, దాదాపు అలాంటిది. ఐవరీ నేల దాన్ని ఊదా వైపు ఎంత లాగినా, అందులోని ఆకుపచ్చదనం దానికి విరుగుడై, కంటికి నెమ్మదైన బూడిద రంగే మిగులుతుంది. దీనివల్ల టేకుకూ మేలు. పాలిష్ చేసిన టేకులో నారింజ, ఎరుపు కలిసిన గోధుమ వన్నె ఉంటుంది. మీగడ రంగు గోడ పక్కన ఆ వన్నె గోడలో కలిసిపోయి వెలవెలబోతుంది; ఆకుపచ్చ బూడిద పక్కన అదే టేకు నిండుగా తేలుతుంది. టేకుకు పాతిక వేలు ఎక్కువ పెట్టి, ఆ టేకు కనిపించని గోడ రంగు వేసుకున్న ఇళ్లు నేను లెక్కలేనన్ని చూశాను.

ఇక అంచుల సంగతి. అంచు కనబడాలా, కలిసిపోవాలా అన్నది మొదట తేల్చుకోవలసిన ప్రశ్న. మన పాత మట్టి ఇళ్లలో పైన తెల్లటి సున్నం, అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టె ఉండేవి. వాన చినుకులు చిమ్మిన మట్టి మరకలు కనబడకుండా ఉండటానికే ఆ ఎర్ర పట్టె. అందం దాని వెనకాలే వచ్చింది. అంటే అంచుకు ఒక పని ఉండాలి. చీరల భాషలో చెబితే, ఎదురు రంగు అంచు ఉన్న గద్వాల చీర ఒక పద్ధతి, ఒంటి రంగు అంచు చీర ఇంకొక పద్ధతి, రెండూ బాగుంటాయి. అంచు అటూ ఇటూ కాకుండా, ఒంటి రంగుకు కొద్దిగా దగ్గరగా, కొద్దిగా దూరంగా ఉంటే, నేతగాడు దారం తప్పు పోశాడనిపిస్తుంది. గోడకు ఒక మీగడ రంగు, ద్వారబంధానికి మరో మీగడ రంగు వేసిన ఇళ్లు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

మీ ఇంట్లో అంచు కనబడాలి. దానికి కారణం అమ్మగారు. ఏ రంగు ఎంత వెలుతురును తిప్పి కొడుతుందో చెప్పే అంకె ఒకటుంది, దాన్ని ఎల్ఆర్‌వీ అంటారు. సున్నా అంటే పూర్తి నలుపు, వంద అంటే పూర్తి తెలుపు. పెద్ద కంపెనీల షేడ్ పుస్తకాల్లోనో వెబ్‌సైట్లలోనో కోడు పక్కనే ఇది ఉంటుంది; లేకపోతే డీలరును అడగండి. చూపు మందగించిన వారికి గోడ ఎక్కడ ఆగి తలుపు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే రెండింటి ఎల్ఆర్‌వీల మధ్య కనీసం 30 తేడా ఉండాలని బ్రిటన్ భవన ప్రమాణాలు చెబుతాయి. మంచి తెలుపు 85 దగ్గర ఉంటుంది. మీగడ రంగు 75 దగ్గర ఉంటుంది కనుక దాని పక్కన తెల్ల ద్వారబంధం పెడితే తేడా పదే. అదే గోడ 50 నుంచి 55 మధ్య ఉంటే తేడా 30కి తగ్గదు. పడమటి బాల్కనీ ఉన్న హాలుకు కూడా సరిగ్గా ఇదే కావాలి: మధ్యాహ్నం మూడు దాటాక ఏటవాలుగా వచ్చే ఎండ, 75 ఉన్న గోడ మీద పడితే కళ్లు చికిలించాల్సి వస్తుంది, 52 ఉన్న గోడ మీద పడితే ఇబ్బంది పెట్టదు. ఒకే అంకె రెండు అవసరాలను తీరుస్తోంది కాబట్టి నేను దాన్నే పట్టుకుంటాను.

మేస్త్రీ చెప్పిన కాఫీ బ్రౌన్‌లో కూడా తర్కం ఉంది. అది చేతి మురికిని దాస్తుంది, మద్ది చెక్కలోని అతుకులను, పగుళ్లకు పెట్టిన లప్పాన్ని (పుట్టీని) కప్పేస్తుంది, 30 తేడా కూడా సులువుగా వస్తుంది. కానీ ప్రధాన ద్వారం అసలు టేకు, పక్కనే పడక గది ద్వారబంధం డబ్బాలోంచి వచ్చిన గోధుమ రంగు అయితే ఒకదాన్ని చూసిన కన్ను రెండోదాన్ని నకిలీగా పట్టేస్తుంది. పైగా మీ కిటికీలు తెల్లవి. ఒకే హాలులో టేకు, కాఫీ బ్రౌన్, తెలుపు అని మూడు రకాల చట్రాలు ఉంటే, గోడకు ఏ రంగు వేసినా గది కుదురుగా కనిపించదు. లోపలి ద్వారబంధాలు, ఫ్లష్ డోర్లు తెల్లవైతే కిటికీలతో కలిసిపోతాయి. టేకు ద్వారం ఒక్కటే ప్రత్యేకంగా నిలుస్తుంది. ఈ విషయంలో మీ శ్రీమతి గారి మాటే నా మాట.

అయితే ఏ తెలుపు? ఇక్కడ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది: యూపీవీసీ తెలుపులో సాధారణంగా చల్లని, నీలి మెరుపు ఉంటుంది. దాని పక్కన పసుపు లోఛాయ ఉన్న తెలుపు వేస్తే ద్వారబంధం కొత్తగా ఉన్నప్పుడే పాతబడినట్టు కనిపిస్తుంది. కిటికీలు బిగించిన వారి దగ్గర జానెడు యూపీవీసీ ముక్క అడిగి తీసుకుని, షేడ్ కార్డును దాని పక్కన పెట్టి, షాపు బయట పగటి వెలుతురులో జత చూడండి. రెండోది ఇంకా ముఖ్యం: తెలుపును మామూలు ఆయిల్ ఎనామెల్‌లో వేయించకండి. మా ఇంట్లోనే నేను ఆ తప్పు చేశాను. మూడేళ్లు తిరిగేసరికి, ఎప్పుడూ తెరిచి గోడకు ఆనించి ఉంచే తలుపు వెనుక భాగం, అలమర లోపలి అంచులు వెన్న రంగుకు తిరిగాయి. వెలుతురు తగిలే ముఖం మాత్రం తెల్లగానే ఉంది. ఆయిల్ ఎనామెల్‌లోని నూనె చీకట్లో పచ్చబడుతుంది, అది దాని స్వభావం. నీటితో పలచన చేసే ఎనామెల్ డబ్బాకు కొంత ఎక్కువ ధర అయినా అలా పచ్చబడదు, వాసన తక్కువ, రెండు మూడు గంటల్లో తరువాతి కోటుకు సిద్ధమవుతుంది. మేస్త్రీలు దానికి ఒప్పుకోరు, ఎందుకంటే అది త్వరగా ఆరిపోయి బ్రష్ గీతలు పడతాయి. నాలుగు అంగుళాల ఫోమ్ రోలరుతో వేయమని చెప్పండి, గీతలు పడవు.

ఒక పక్క మాట. మీ టేకు గడపకు ప్రతి శుక్రవారం పసుపు రాస్తారు కనుక, గడపను, బంధం అడుగు భాగాన్ని టేకుగానే ఉంచండి. లోపలి గదులకు కూడా గడపలు ఉండి, వాటికీ పసుపు రాసే అలవాటు ఉంటే తెల్ల బంధం కాళ్ల మీద అది చిమ్మక తప్పదు. ఆ మరకను సబ్బు నీళ్లతో రుద్దితే ఎర్రబడుతుంది (పసుపు, సున్నం కలిస్తే పారాణి అయ్యేది ఈ క్షారగుణం వల్లే). తడిగుడ్డతో వెంటనే తుడవడమే మందు.

తెల్ల అంచుకు ఒక చిక్కు ఉంది. గోడ ముదురు, బంధం తెలుపు అయినప్పుడు రెండూ కలిసే గీత ఎంత వంకరగా ఉందో వీధి మలుపు నుంచి కూడా కనిపిస్తుంది. మన దగ్గర ప్లాస్టరింగు ద్వారబంధం దగ్గరకు వచ్చేసరికి ఎక్కడో ఎగుడు, ఎక్కడో దిగుడు. ఒకే రంగు వేస్తే అది దాగిపోతుంది, ఎదురు రంగు వేస్తే బయటపడుతుంది. అందుకని లప్పం పెట్టే రోజునే మీరు దగ్గరుండి, ఒక అల్యూమినియం బద్దను బంధం పొడవునా నిలువుగా ఆనించి, గోడకూ బద్దకూ మధ్య సందు ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ చోట్ల లప్పం నింపి ఎమరీ కాగితంతో రుద్దించండి. చెక్కకూ గోడకూ మధ్య సన్నటి పగులు ఉంటే అక్కడ లప్పం నిలవదు, చెక్క వానాకాలం ఉబ్బి వేసవిలో కుంచించుకున్నప్పుడు రాలిపోతుంది. అక్కడ పైన రంగు వేయడానికి వీలైన ఆక్రిలిక్ సీలెంటు (పగులు మూసే పేస్టు) పూయించండి. చివరి కోటు ముందు మాస్కింగ్ టేపు అంటించి, రంగు పూర్తిగా గట్టిపడకముందే దాన్ని పీకేయాలి. తెల్లవారి పీకితే టేపుతో పాటు రంగు పొర కూడా ఊడి వస్తుంది.

మీ మేస్త్రీ మీగడ రంగును పూర్తిగా కొట్టేయవద్దు. కిటికీ లేని నడవా, వంటగది, పూజ గది లాంటి చోట్ల 52 అంకె ఉన్న గోడ దిగాలుగా కనిపిస్తుంది. అక్కడ 70 దాటిన లేత రంగు ఉండాలి. అది పసుపు మీగడ కాకుండా, హాలు రంగునే నాలుగో వంతు గాఢతలో కలిపించిన లేత ఛాయ అయితే గదులు ఒకదానికొకటి చుట్టాల్లా కనిపిస్తాయి. రంగులు కలిపే టింటింగ్ మెషిన్ ఉన్న డీలరు ఇలా చేసి ఇస్తాడు, అయితే ఫలితాన్ని ఒక అట్ట మీద వేసి చూసుకున్నాకే తీసుకోండి, ఎందుకంటే గాఢత తగ్గించినప్పుడు లోఛాయ కొద్దిగా మారవచ్చు. నడవాలో అమ్మగారికి తేడా తగ్గుతుంది కనుక అక్కడి తలుపులకు నల్లటి హ్యాండిళ్లు, స్విచ్ బోర్డుల చుట్టూ ముదురు పట్టీ పెట్టండి. పడక గదుల్లో మీ ఇష్టం వచ్చిన గోడ రంగు వేసుకోండి. ఇల్లంతా ద్వారబంధం తెలుపు ఒక్కటే అయినంతవరకూ అవి విడిపోవు. అమ్మగారి గదిలో మాత్రం 55 దాటనివ్వకండి.

సీలింగుకు ద్వారబంధాల తెలుపునే, మెరుపు లేని మ్యాట్‌లో. బీములకు సీలింగు రంగు వేయండి, గోడ రంగు వేస్తే కప్పు కిందికి దిగినట్టు ఉంటుంది. గోడ అడుగున ఉండే స్కర్టింగు పట్టీ టైలుదే కనుక దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మెరుపు విషయం కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఒకే కోడు మ్యాట్‌లో ఒకలా, ఓ మోస్తరు మెరుపున్న శాటిన్‌లో మరొకలా కనిపిస్తుంది. పూర్తి మ్యాట్ గోడ చూడటానికి హుందాగా ఉంటుంది, కానీ సోఫా వెనుక నూనె రాసుకున్న తలలు ఆనే చోట ఆరు నెలల్లో గుండ్రటి మరకలు పడతాయి, తుడిస్తే ఆ చోటే మెరుస్తుంది. గోడలకు ఉతకదగిన తక్కువ మెరుపు ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు), ద్వారబంధాలకు శాటిన్ సరిపోతుంది. బాగా మెరిసే గ్లాసీ ఎనామెల్ వేస్తే పడమటి ఎండలో ప్రతి బ్రష్ గీతా లెక్కపెట్టవచ్చు.

రంగు ఖరారు చేసేముందు బల్బులు కొనండి. మాట విచిత్రంగా ఉన్నా వరుస ఇదే. బల్బు వెలుగు ఛాయను కెల్విన్ అంకెలో చెబుతారు. 6500 కెల్విన్ తెల్ల వెలుగు కింద మన పెసర బూడిద చల్లగా, 3000 కెల్విన్ పసుపు వెలుగు కింద కొంచెం పచ్చిగడ్డిలా కనిపిస్తుంది. హాలుకు 4000 దగ్గర ఉన్నవి తీసుకోండి. ఇంకో సంగతి: ఉత్తరపు గదులు చల్లగా, నీలంగా ఉంటాయి కనుక వెచ్చని రంగులే వేయాలని ఇంటర్నెట్‌లో చదివి ఉంటారు. అది చలి దేశాల మాట. విజయవాడలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగానే ఉంటాడు, కనుక ఆ నియమాన్ని ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయండి. గోడ మీద నేరుగా చిన్న చారలు గీయించవద్దు. చుట్టూ ఉన్న తెల్ల ప్రైమర్ వల్ల ఏ రంగైనా ఉన్నదానికన్నా ముదురుగా కనిపించి, మీరు భయపడి లేత రంగుకు దిగిపోతారు. రెండడుగుల చదరపు దళసరి అట్టలు మూడు తీసుకుని, 52కు అటూ ఇటూ ఉన్న మూడు షేడ్లను రెండేసి కోట్లు అంచుల దాకా వేయించండి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ లేతగా ఉంటుంది, ఆరాక ముదురుతుంది, కనుక ఆ రోజు నిర్ణయించవద్దు. మరునాడు ఒక్కొక్క అట్టను నిలువుగా, అడుగు అంచు టైలుకు తగిలేలా, పక్క అంచు టేకు బంధానికి ఆనేలా నిలబెట్టి, ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగున్నరకు, రాత్రి లైట్లు వేశాక చూడండి. తరువాత యూపీవీసీ కిటికీ పక్కన ఇదే. అమ్మగారిని కూడా గుమ్మం అవతల నిలబెట్టి, అట్ట ఎక్కడ ఆగిందో, బంధం ఎక్కడ మొదలైందో అడగండి. నాలుగు వేళల్లోనూ ఎవరికీ అభ్యంతరం లేని అట్ట మీ రంగు. అన్ని వేళలా అద్భుతంగా ఉండే రంగు కోసం వెతకకండి, అలాంటిది నాకు ఇంతవరకూ తారసపడలేదు.

కొనేటప్పుడు లెక్క: పన్నెండుకు పదహారు అడుగుల హాలు, పదడుగుల ఎత్తు అనుకుంటే నాలుగు గోడలు 560 చదరపు అడుగులు, తలుపులు కిటికీలు పోగా సుమారు 460. లప్పం పెట్టిన నున్నటి గోడ మీద లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు వంద నుంచి నూట ఇరవై చదరపు అడుగులు వస్తుందనుకోండి. అయిదు లీటర్లు ఒకేసారి కలిపించండి. మధ్యలో తక్కువపడి మళ్లీ కలిపిస్తే ఎంత మంచి మెషిన్ అయినా ఒక గోడ మధ్యలో తేడా పట్టిస్తుంది. రెండు డబ్బాలు వస్తే రెండింటినీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపాకే పని మొదలుపెట్టమనండి. అన్నిటికన్నా చివరగా గోడ రెండో కోటు వేయించండి, టేకు పాలిష్, ద్వారబంధాల ఎనామెల్ అయిపోయాక.

మిగిలిన రంగును డబ్బాలో వదిలేస్తే ఏడాదికి గట్టిపడుతుంది; పావు లీటరు చొప్పున గాజు సీసాల్లో నిండుగా పోసి, మూత బిగించి, చీకటి చోట పెట్టండి. ప్రతి గది కోడు, మెరుపు రకం, తేదీ ఒక కాగితం మీద రాసి మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి.